ఏ ఊరు మనది?

(గ్రంథాలయ వారోత్సవాల్లో మిర్యాలగూడలో ఒక విశ్రాంత హిందీ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకు వినపడుతోందా? మైకు గురగుర అంటోంది. వినపడకపోతే చెయ్యెత్తండి. ముప్పై ఏళ్ళు మైకు లేకుండా పాఠం చెప్పినదాన్ని, గొంతు పెంచడం నాకు కష్టం కాదు.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు "భాషలు, సంస్కృతులు" అని ఒక పెద్ద అంశం రాసి ఇచ్చారు. ఆ కాగితం చూడగానే టెన్షన్ వచ్చింది. అంత పెద్దది నా వల్ల కాదు. నాకు తెలిసింది ఒక్క రోజు ముచ్చట. పోయిన ఏడాది కార్తీకంలో మేము సాగర్‌కు వనభోజనాలకు పోయాం. మా ఇంటివాళ్ళం, మా వీధి చివర కొత్తగా దిగిన ఒక బీహార్ కుటుంబం. ఆ సంగతే చెప్తాను. సరేనా?

మిర్యాలగూడలో నిలబడి రైసు మిల్లుల గురించి మీకు చెప్పేదేముంది? బాయిలర్ పొగ, ఎగిరే ఊక, రోడ్డు పొడుగునా లారీలు. ఆ మిల్లుల్లో పనికి బీహార్ నుంచి మనుషులు ఏళ్ళ తరబడి వస్తున్నారు. మనకు కనబడతారా అంటే కనబడతారు. ఆదివారం అంగట్లో ఆలుగడ్డలు ఏరుకుంటూ, ఫోన్ రీచార్జి దుకాణం ముందు నిలబడి. మనం ఏమంటాం వాళ్ళను? "బీహారోళ్ళు" అంటాం. అంతే, అందరికీ కలిపి ఒకటే పేరు. నేనూ అదే అన్నాను. హిందీ చెప్పి జీతం తీసుకున్నదాన్ని, ఒక్కరోజన్నా ఒక్కరితో ఆగి మాట్లాడానా? లేదు.

పోయిన దీపావళి వెళ్ళిన రెండో రోజో మూడో రోజో, గంపలు చేటలు అమ్మే దుకాణం దగ్గర ఒక అమ్మాయి నిలబడి "సూప్, సూప్" అంటోంది. దుకాణాయన "సూపు హోటల్ల దొరుకుతది, గాడికి పో" అంటున్నాడు. మీరు నవ్వుతున్నారు, నాకూ నవ్వొచ్చింది. సూప్ అంటే వాళ్ళ భాషలో చేట. వెదురు చేట కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు, ఛఠ్ పూజకు. నేను మధ్యలో దూరి ఇప్పించాను. చెరుకు గడలు ఎక్కడ దొరుకుతాయంటే అదీ చూపించాను. ఆ అమ్మాయి భర్త ఇక్కడి మిల్లులో నాలుగేళ్ళుగా ఉన్నాడు. ఈమె, ఇద్దరు పిల్లలు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. పేర్లు చెప్పను. వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, అటు తిరిగి చూడకండి, సిగ్గుపడతారు.

ఛఠ్ సంగతి రెండు మాటల్లో చెప్తాను. కార్తీక శుద్ధ చవితినాడు, అంటే మన నాగుల చవితి రోజే మొదలవుతుంది. నాలుగు రోజులు. మధ్యలో ముప్పై ఆరు గంటలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. షష్ఠి సాయంత్రం మునిగే సూర్యుడికి, మర్నాడు తెల్లారి పొడిచే సూర్యుడికి నీళ్ళలో నిలబడి అర్ఘ్యం ఇస్తారు. పంతులు అక్కరలేదు, మంత్రాలు అక్కరలేదు. ఉదయించే సూర్యుడికి అందరూ దండం పెడతారు కానీ మునిగేవాడికి పెట్టేదెవరు చెప్పండి? నాకు అది నచ్చింది. ఆ సాయంత్రం వేములపల్లి దగ్గర ఎడమ కాలువ గట్టుకు నేనూ పోయాను. ఆమె మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, చేట రెండు చేతులా పట్టుకుని, ముక్కు మొదలు నుంచి పాపిట దాకా కాషాయరంగు సింధూరం దిద్దుకుని ఉంది. అయిపోయాక గట్టెక్కి నన్ను అడిగింది: ఈ నీళ్ళు ఎక్కడివి? సాగర్ నుంచి వస్తాయి అన్నాను. ఆమె కళ్ళు పెద్దవి చేసింది. సాగర్ అంటే సముద్రం కదా, సముద్రం ఇంత దగ్గరా అని!

ముప్పై ఏళ్ళు పిల్లలకు సాగర్ అంటే సముద్రం అని చెప్పినదాన్ని నేనే. మన సాగర్ ఆ సాగర్ అని నాకెప్పుడూ తట్టలేదు. పద, చూపిస్తాను అన్నాను. అట్లా కుదిరింది ప్రయాణం.

ఇక ఏర్పాట్లు. మీకు తెలుసు, టీచర్లకు లిస్టు రాయనిదే నిద్రపట్టదు. పులిహోర, గారెలు, పోలెలు, పచ్చి పులుసు, దద్దోజనం. ఎవరెవరు ఏం వండాలి, ఎన్నింటికి ఏం చూడాలి. వాళ్ళకు మాత్రం ఖచ్చితంగా చెప్పాను: "మీరేమీ తేవద్దు, మీరు మా అతిథులు." చాలా గొప్పగా మాట్లాడాననుకున్నాను. పౌర్ణమి పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి తుఫాన్ బండి వచ్చింది. పద్నాలుగు మందిమి. వాళ్ళు చూస్తే ఒక సంచెడు పిడకలు, రెండు స్టీలు డబ్బాలు, ఒక ప్లాస్టిక్ సీసాలో ఆవనూనె పట్టుకుని నిలబడి ఉన్నారు. చెప్పాను కదా అన్నాను. అతను నేల చూపులు చూస్తూ, ఉత్త చేతుల్తో ఎట్లా వస్తాం మేడమ్ అన్నాడు.

నిడమనూరు దాటి హాలియా వచ్చేదాకా బండిలో వాళ్ళ మాటే లేదు. ఆ అమ్మాయి మూలకు ఒదిగి, చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పుస్తకాల హిందీలో "ఆప్ కుశల్ హైఁ?" అని అడిగాను. ఆమె ఏదో అన్నది, ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది మగహీ. నా హిందీ సిలబస్ హిందీ. నా హిందీకి ఆమె బెదిరింది, ఆమె మగహీకి నేను బెదిరాను.

ముందు సీట్లో మా అమ్మ. ఎనభై రెండేళ్ళు. మా అమ్మకూ హిందీ వచ్చు, పనుల మీద నేర్చుకున్నది. లింగం లేదు, వచనం లేదు, నేను పేపరు దిద్దితే సున్నా. ఆమె వెనక్కి తిరిగి అడిగింది: "అప్‌నా గావ్ కౌన్‌సా బేటీ?"

ఏ ఊరు మనది బిడ్డా, అని. మన దగ్గర అంతే కదా? ఎవరన్నా కొత్త మనిషి కనబడితే మీది ఏ ఊరు అనం, ఏ ఊరు మనది అంటాం. వాళ్ళ ఊరు ఎక్కడున్నా, మనం జన్మలో చూడకపోయినా, ముందు దాన్ని "మనది" చేసుకుని తర్వాత పేరు అడుగుతాం. రోజూ అనే మాటే, ఆ బండిలో నా చెవిన కొత్తగా పడింది. రెండు మూడు వారాల పరిచయం నాది. చేట ఇప్పించాను, చెరుకు ఇప్పించాను, కాలువ దాకా పోయాను. ఊరు అడిగానా? అడగలేదు. బీహార్ అని తెలుసు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ అమ్మాయి చెప్పింది: గయ. గయ జిల్లా.

మా అమ్మ మెడ ఒక్కటే కాదు, మనిషి మొత్తం ఇటు తిరిగింది. "గయనా! మీ మామకు గాడనే గద బిడ్డా పిండం పెట్టింది!" మా నాన్న పోయాక ఆమెను కాశీకి గయకు తీసుకుపోయాం. ఫల్గు నదిలో పైన ఇసుక, తవ్వితే కింద నీళ్ళు. ఆ ఇసుకలో కూర్చున్న సంగతి, విష్ణుపాదం గుడి సంగతి అంతా మొదలుపెట్టింది. ఆ అమ్మాయికి గుక్కతిప్పుకోకుండా మాటలొచ్చాయి. వాళ్ళ పుట్టిల్లు ఫల్గు ఒడ్డునే అట. సీతమ్మ శాపం వల్ల నది ఇసుక కిందికి పోయిందని ఆమె చెప్తుంటే, తెలుసు తెలుసు అని మా అమ్మ. ఇద్దరికీ మధ్య నేను అనువాదం చేద్దామని నోరు తెరిస్తే ఒక్కరూ నా వైపు చూడలేదు.

పెద్దవూర దాటి డ్యాం కనబడింది. పిల్లలు గేట్లు లెక్కపెట్టారు. ఇరవై ఆరు. వాళ్ళ పిల్లాడు ఇరవై ఐదే అని పేచీ పెట్టి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. గేట్లు మూసి ఉన్నాయి, అవతల నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆమె చూసి, సముద్రం కాదు కానీ సముద్రం అనొచ్చు అన్నది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది పాలమూరు. నెహ్రూ 1955 డిసెంబరు 10న సాగర్‌కు పునాదిరాయి వేశాడు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఈ రెండు తారీఖులు మనం పుస్తకంలో చదువుతాం. ఈ రెంటి మధ్య రాయి మోసింది ఎవరు? ఎవరెవరో మోశారు, వాళ్ళలో మా పాలమూరు వాళ్ళు ఉన్నారు. గుంపు మేస్త్రీ వెంట ఊళ్ళకు ఊళ్ళు కదిలి పోయేవాళ్ళు. అది రాతి కట్టడం, అంత రాయీ మనిషి చెయ్యి పడి లేచిందే. మా అమ్మకు పదహారేళ్ళప్పుడు గుడిసెల్లో పెళ్ళయింది. నేను పుట్టింది అక్కడి పైలాన్ కాలనీ పక్కన గుడిసెలో. డ్యాం పని తర్వాత కాలువ పని, కాలువ వెంట నడిచి నడిచి ఇక్కడ ఆగాం. మా నాన్న ఇదే మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోశాడు.

మా అమ్మ ఆ గోడ చూపించి ఆ అమ్మాయితో అన్నది: "మమ్మల్ని గూడ పేరు పెట్టి ఎవరు పిల్వలే బిడ్డా. ఓ పాలమూరోళ్ళు, ఇటు రాండ్రి అని పిల్సేటోళ్ళు." ఇది నాకు తెలుగులో అనలేదు, ఆ అమ్మాయికి తన హిందీలో చెప్పింది. నాకు అరవై ఏళ్ళు దాటాయి, ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

సరే, లాంచీ. అమ్మ, మా మరిది, ఆ అమ్మాయి భర్త ఒడ్డునే ఆగారు. మాకు తెలిసినవాళ్ళ తోటలో ఉసిరి చెట్టుంది, అక్కడ పొయ్యిలు సర్దుతామన్నారు. మిగతావాళ్ళం నాగార్జునకొండకు పోయాం. అదిప్పుడు నీళ్ళ మధ్య దీవి. డ్యాం కడితే లోయంతా మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో కొన్నింటిని కొండమీదికి చేర్చి మళ్ళీ నిలబెట్టారు. మ్యూజియంలో నిలువెత్తు బుద్ధుడి ముందు ఆ అమ్మాయి చెప్పులు విడవబోయింది. ఇది గుడి కాదమ్మా అన్నాను. ఈయన మావాడు అన్నది! మాకు బస్సెక్కితే బోధగయ, స్కూలు వాళ్ళు ఏటా తీసుకుపోయేవాళ్ళు, ఇంత దూరం ఈయనెప్పుడొచ్చాడు అని అడిగింది.

నాకు హుషారొచ్చింది, పాఠం మొదలుపెట్టాను. కొంచెం మీకూ చెప్తాను, రెండు నిమిషాలు. ఇక్ష్వాకులని రాజులు, ఈ లోయలో విజయపురి రాజధాని. సుమారు 1,700 ఏళ్ళ కిందటి మాట. బోధిసిరి అని ఒకామె, ఉపాసిక, రాణి కాదు. ఆమె కొండమీద ఒక చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఎవరి కోసం కట్టించింది? సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం. ఆ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాలన్నీ శాసనంలో వరసగా ఉన్నాయి. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ దేశం, ఇంకా చాలా. అక్కడ సింహళ విహారం అని ఒకటి ఉండేది. సింహళం వాళ్ళు అప్పుడు కృష్ణ ఒడ్డుకు వచ్చి దిగారంటే భాష ఎట్లా తెలిసిందో, తిండి ఎట్లా సర్దుకున్నారో! శాసనంలో ఆ సంగతి రాయలేదు. రాసి ఉంటే నాకు ఆ మధ్యాహ్నం కొంచెం పనికొచ్చేది.

ఎందుకంటారా? ఒడ్డుకొచ్చి తోట దగ్గరికి పోతుంటే వాసన. ఆవాలు నూరి వేసిన చేపల పులుసు వాసన. కార్తీకమాసం! ఉసిరి చెట్టు కింద! మా అమ్మ చెట్టుకు పసుపు బొట్టు పెట్టి, దీపం వెలిగించి, ఆ పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది. మాట లేదు, పలుకు లేదు. మా మరిది చెట్టు పైకి చూస్తున్నాడు, కాయలు లెక్కపెడుతున్నట్టు. ఆ అబ్బాయి మాత్రం సంబరంగా గరిటె తిప్పుతున్నాడు. సాగర్ చేప, పొద్దున్నే పోయి బతికున్న రోహు ఏరి తెచ్చానని చెప్తున్నాడు.

తప్పు ఎవరిది? వాళ్ళదా? ఆగండి, తొందరపడకండి. వాళ్ళూ కార్తీకం మాకంటే గట్టిగా పాటించారు. నెలంతా చేప లేదు, ఉల్లి లేదు. కానీ వాళ్ళ నెల పౌర్ణమితో అయిపోతుంది. మన నెల అమావాస్యతో అయిపోతుంది. ఉత్తరాది పంచాంగం పౌర్ణిమాంతం, మనది అమాంతం. శుద్ధ పక్షం ఇద్దరికీ ఒకటే నెల, బహుళం వచ్చేసరికి వాళ్ళు అగహన్ అంటారు, అంటే మార్గశిరం. పౌర్ణమి పోయిన ఆదివారం మనకు కార్తీకం, వాళ్ళకు కార్తీకం దాటింది. పదిహేను రోజుల తేడా! నెలంతా నోరు కట్టుకున్న మనిషి, అయిపోగానే మొదటి చేప మాతో కలిసి తినాలని తెచ్చాడు. ఈ పంచాంగం తేడా నాకు తెలుసు. క్లాసులో చెప్పాను కూడా. ముందే ఒక మాట అడగాలని ఎవరికి తోచాలి? నాకే కదా? "మీరేమీ తేవద్దు" అనడానికి తోచింది కానీ, "మీరేం వండుతారు" అని అడగడానికి తోచలేదు.

ఇదంతా అమ్మకు వివరించాను. ఆమె చాలాసేపు ఊఁ అనలేదు. తర్వాత "ఆళ్ళ నెల అయిపాయెనా? నా నెల గాలేదు. పొయ్యి ఆ యాపచెట్టు కాడికి జరుపుండ్రి, పోరగాండ్లు తినేటోళ్ళు గాడికి పోయి తింటరు" అన్నది. అంతే, తీర్పు అయిపోయింది. మా పిల్లలు వేపచెట్టు కిందికి పరుగెత్తారు. మా మరిది కూడా, నీళ్ళు తాగొస్తానని పోయి అరగంట రాలేదు.

ఆ అమ్మాయి ముఖం మాత్రం పాలిపోయింది. కనీసం చోఖా తినండి అమ్మా అని పెద్దావిడ ముందు పెట్టింది. చోఖా అంటే నిప్పుల మీద కాల్చిన వంకాయ మెదిపి, పచ్చిమిర్చి, ఉప్పు, ఆవనూనె వేసినది. మన కాల్చిన వంకాయ పచ్చడికి అక్క. మా అమ్మ చూసి నుదురు కొట్టుకుంది. గయలో పిండం పెట్టాక ఒక కూర, ఒక పండు వదిలేసి రావాలి కదా? ఆమె వదిలింది వంకాయ! చాలామంది తమకు పడనిది చూసుకుని వదులుతారు. కాకరకాయ వదిలి పుణ్యం కట్టుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు. మా అమ్మ మాత్రం ప్రాణమైన గుత్తొంకాయనే వదిలింది. "మీ ఊర్లనే ఇడిసొచ్చిన బిడ్డా" అన్నది. ఆ అమ్మాయి ఒక నిమిషం అట్లాగే ఉండి, మా ఊళ్ళో వదిలారు, అందుకే నేను తిరిగి తెచ్చాను అన్నది. అప్పుడు నవ్వింది మా అమ్మ. తినలేదు. నవ్వింది.

తర్వాత జరిగినదాన్ని నేను దగ్గర కూర్చుని చూశాను. పిడకల సంచి విప్పారు. మా అమ్మకు పిడకలు కనబడితే కూర్చోబుద్ధి కాదు. "గట్ల గాదు, నిలబెట్టి పేర్చు, గాలాడాలె" అని లేచింది. ఇద్దరూ కలిసి గుండ్రంగా పేర్చి, మధ్యలో కొబ్బరి పీచు పెట్టి రాజేశారు. ఆ అమ్మాయి లిట్టీలు చేయడానికి గోధుమపిండి ముద్ద అరచేతిలో గిన్నెలా వత్తి, అందులో సత్తు కూరింది. సత్తు అంటే వేయించిన శనగల పిండి. అమ్మ చిటికెడు నోట్లో వేసుకుని "పుట్నాల పిండే గదనే!" అన్నది. పిండిలో వాము, మామిడికాయ పచ్చడి నూనె, ఉల్లి, వెల్లుల్లి పడతాయి. అమ్మకు ఆ రోజు ఉల్లి పనికిరాదు. ఆ అమ్మాయి అడగకుండానే కొంచెం సత్తు విడిగా కలిపి, ఆ ఉండల మీద బొటనవేలి గోటితో అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు పెట్టింది. మంట ఆరి నిప్పులయ్యాక అన్నీ కలిపి బూడిదలో పూడ్చారు. తీసేటప్పుడు గాటున్నవి ఏరి, గుడ్డలో వేసి దులిపి, నెయ్యిలో ముంచి అమ్మ విస్తట్లో వేసింది. అమ్మ తన మామిడికాయ తొక్కుతో మూడు లిట్టీలు తిన్నది. మూడు! ఇంట్లో ఒక చపాతి పెడితే సగం వదిలేసే మనిషి.

పొద్దుటి నుంచి అతిథిని అతిథిలా కూర్చోబెట్టాలని నేను చచ్చేంత తాపత్రయపడ్డాను. కుర్చీ వేశాను, మంచినీళ్ళు ఇచ్చాను, ఇది చూడండి అది చూడండి అన్నాను. ఆమె బిగుసుకుపోయి కూర్చుంది. మా అమ్మ "గట్ల గాదు" అని కసిరితే ఆ అమ్మాయి కొంగు నడుముకు దోపి పనిలో దిగింది. ఇక అక్కడి నుంచి వాళ్ళ నోళ్ళు మూతపడలేదు. మా ఇంటి కోడళ్ళను కసిరినట్టే కసిరింది మరి.

మన పచ్చి పులుసు వాళ్ళ పిల్లాడికి పోస్తే ముఖమంతా ముడిచి, మళ్ళీ గ్లాసు చాపాడు. వాళ్ళ నాన్న మన అన్నం వేళ్ళతో నలిపి చూసి ఇది పచ్చి బియ్యం అన్నాడు. యాసంగి వడ్లు మన మిల్లుల్లో ఉప్పుడు బియ్యం చేస్తారు, మనం తినం, లారీలకెత్తి బయటికి పంపుతాం. అతను మిల్లులో ఎత్తేది ఆ బస్తాలే, వాళ్ళ ఇంట్లో తినేది ఆ బియ్యమే. ఇన్నేళ్ళు మిల్లులో ఉన్నాడు, మా బియ్యం మీరెందుకు తినరని ఎవరినీ అడగలేదట. ఆ రోజు మా మరిదిని అడిగాడు. మా మరిది దగ్గర జవాబు లేదు.

తిరుగు ప్రయాణంలో ఒకచోట టీకి ఆగాం. మేము తెలుగులో అడిగితే ఒక ధర, అతను హిందీలో అడిగితే ఇంకో ధర చెప్పారు. ఆ దుకాణం ఏదో చెప్పను. మా అమ్మ బండిలోంచే "ఓ పిల్లగా, మా అల్లునికి ఎక్కువ చెప్తున్నవేందిరా" అని అరిచింది. ధర దిగింది. అల్లుడంటే ఏమిటని అతను నన్ను అడిగాడు. దామాద్ అని చెప్పాను. ఇంటికొచ్చేదాకా వాళ్ళావిడ అతన్ని ఏడిపిస్తూనే ఉంది.

ఈ ఏడాది జాగ్రత్తపడ్డాం. ఛఠ్ అయిపోయాక, పౌర్ణమి రాకముందు మధ్యలో ఒక ఆదివారం దొరికింది, ఆ రోజే పోయొచ్చాం. అందరికీ కార్తీకమే. చేపలు లేవు. అల్లుడు కొంచెం అలిగాడు. మా మరిది ఇంకా ఎక్కువ అలిగాడు. ఉసిరి చెట్టు చుట్టూ ఆ అమ్మాయి కూడా ప్రదక్షిణ చేసింది, వాళ్ళ దగ్గరా కార్తీకంలో నవమినాడు ఉసిరి చెట్టుకు పూజ చేసి దాని కింద వండుకు తింటారట. అది కూడా నాకు ఇప్పుడే తెలిసింది. పోయిన ఏడాది ఎందుకు చెప్పలేదమ్మా అంటే, మీరు చెట్టు గురించి పాఠం చెప్తున్నారు కదా మేడమ్, మధ్యలో ఎట్లా చెప్పను అన్నది.

టీ వచ్చినట్టుంది. గ్లాసుల చప్పుడు వినబడుతోంది, ఇక నా మాట ఎవరూ వినరు. వెనక టేబుల్ మీద స్టీలు డబ్బాలో ఠేకువాలు ఉన్నాయి. గోధుమపిండి, బెల్లం, నెయ్యి. ఆ అమ్మాయి రాత్రి కూర్చుని చేసింది. గట్టిగా ఉంటాయి, పెద్దవాళ్ళు పళ్ళు చూసుకుని కొరకండి, లేకపోతే టీలో ముంచుకోండి. మా అమ్మ అట్లాగే తింటుంది.